స్టిక్కరు చూసి పైపు జాతకం చెప్పేస్తారేంటండీ

మొన్న మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర ఒకాయన పాత సైకిల్ అమ్మకానికి పెట్టాడు. సీటు కింద పైపు మీద రేనాల్డ్స్ 531 అని స్టిక్కరు, మంచి సైకిళ్లకి వాడే స్టీలు పైపు పేరు లెండి అది. పద్దెనిమిది వేలట! ఏటి గురూ అంత రేటు అంటే, జేబులోంచి అయస్కాంతం తీసి ఫ్రేముకి అంటించి "చూడండి, ఒరిజినల్ స్టీలు" అన్నాడు. మా వీధి కుళాయి పైపుకీ అంటుకుంటుంది కదండీ అయస్కాంతం.

ఇక్కడ ఎవరిని చూసినా ఇదే వరస. స్టిక్కరు ఉంటే 531, చేత్తో ఎత్తితే తేలిగ్గా అనిపిస్తే 531. 1935లో బర్మింగ్‌హామ్‌లోని రేనాల్డ్స్ వాళ్లు తెచ్చిన మాంగనీస్, మాలిబ్డినం కలిసిన స్టీలు అది. ఏ స్టీలైనా అంతే సైజు ముక్క బరువు దాదాపు ఒకటే ఉంటుంది, 531 బలం ఎక్కువ కాబట్టి పైపు గోడని పల్చగా లాగొచ్చు, బరువు తగ్గేది అక్కడ. మంచి రకంలో లగ్గుల దగ్గర, అంటే పైపులు కలిసే జాయింట్ల దగ్గర, మందంగా ఉంచి మధ్యలో ఇంకా పల్చన చేస్తారు. అంటే గుట్టంతా పైపు లోపల ఉంటే మనం బయట రంగు చూసి తీర్పు చెప్తున్నాం.

సీటు పోస్ట్, అంటే సీటుని మోసే కడ్డీ, పీకి దాని అడ్డుకొలతని సన్న కొలతలు తీసే వెర్నియర్‌తో కొలవండి, ఐదు నిమిషాల పని. పాత ఇంగ్లీషు ఫ్రేముల్లో సీటు పైపు బయటి కొలత మామూలుగా 28.6 మిల్లీమీటర్లు. అందులోకి 27.2 పోస్ట్ సరిగ్గా దిగిందంటే గోడ చాలా పల్చన, మంచి పైపే అయ్యుండాలి. 25.4 పోస్ట్ దిగితే గోడ ఒకటిన్నర మిల్లీమీటర్ల పైమాటే, మామూలు స్టీలు. టార్చి వేసి లోపల చూడండి, నిలువునా అతుకు గీత కనిపిస్తే అది 531 కాదు, 531కి అతుకుండదు. ఇంతా చేసినా కొలతతో గోడ మందం తెలుస్తుంది గానీ లోహం పేరు తెలీదు, ఇటలీ పైపుల కంపెనీ కొలంబస్ వాళ్ల పైపుకీ అదే 27.2 రావచ్చు.

మా తాతగారి సేన్ రాలీ సైకిల్ కథ చెప్తాను. అసన్‌సోల్‌లో తయారైన బండి, మా బావ చిన్నప్పట్నుంచీ అది 531 అనే చెప్పేవాడు. పోయిన సంక్రాంతికి విప్పుదామని కూర్చున్నా. పోస్ట్ తుప్పుతో బిగుసుకుపోయింది, కిరసనాయిలు పోసి రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే పానాతో అటూ ఇటూ తిప్పితే కిర్రుమంటూ వచ్చింది. 25.4. బావ నా చేతిలోంచి వెర్నియర్ లాక్కుని రెండోసారి కొలిచాడు, తర్వాత రెండ్రోజులు మాట్లాడలేదు.

మూడు లాంతర్ల ఆయన్ని సీటు ఒకసారి తియ్యమన్నాను. "సీటు పీకితే బేరం ఉండదు బాబూ" అన్నాడు. ఈలోగా నా గోరు తగిలి స్టిక్కరు మూల లేచింది, కింద నిన్నో మొన్నో కొట్టిన నల్ల రంగు, ఇంకా జిగురు జిగురుగా ఉంది.

"పదిహేనుకి తీసుకుపోండి" అన్నాడు.