లోటు పెరిగితే బంగారం షార్ట్ కొట్టొచ్చా?

ప్రతి నెలా 15వ తేదీ అటూఇటుగా కేంద్ర వాణిజ్య శాఖ ఎగుమతి, దిగుమతుల లెక్కలు ఇస్తుంది. దిగుమతులు ఎగుమతులను మించడం వల్ల వచ్చే వాణిజ్య లోటు పెరిగిందన్న వార్త రాగానే చాలామంది మదుపరులు అడిగేది ఒకటే: సరుకుల ఎక్స్ఛేంజీ ఎంసీఎక్స్‌లో బంగారం ఫ్యూచర్స్ (ముందు తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే కాంట్రాక్టులు) అమ్మి పెట్టుకుని, ధర పడ్డాక తక్కువకు కొని లాభపడొచ్చా, అంటే షార్ట్ కొట్టొచ్చా? లోటంటే చెడ్డ వార్త, చెడ్డ వార్తకు ధరలు పడతాయన్నది వాళ్ల లెక్క. కానీ రూపాయల్లో బంగారాన్ని షార్ట్ చేసేవారికి లోటు తోడు రాదు, చాలాసార్లు అడ్డం తిరుగుతుంది.

మన ధర ఎలా తయారవుతుందో చూస్తే విషయం తెలుస్తుంది. అంతర్జాతీయ ధర ఔన్సుకు, అంటే 31.1 గ్రాములకు, 2,400 డాలర్లు, డాలరు 83.70 రూపాయలు అనుకుందాం. 10 గ్రాములకు సుమారు 64,600 రూపాయలు వస్తుంది. దానిపై దిగుమతి సుంకం 6 శాతమైతే 68,500, 15 శాతమైతే 74,300. షార్ట్ చేసినవారు డాలర్లలో బంగారం ధర మీద మాత్రమే పందెం కాశామనుకుంటారు. నిజానికి రూపాయి మీద, సుంకం మీద కూడా కాసినట్టే. లోటు పెరిగినప్పుడు రూపాయి పడొచ్చు, దిగుమతులు తగ్గించడానికి సుంకం పెంచొచ్చు; ఈ రెండూ మన ధరను పైకి నెట్టేవే. డాలర్లలో బంగారం ధర 2 శాతం తగ్గి, డాలరు విలువ రూపాయల్లో 2 శాతం పెరిగితే అంచనా నిజమైనా చేతికి ఏమీ రాదు.

2013 దీనికి గట్టి ఉదాహరణ. అంతకుముందు 2012-13లో కరెంట్ ఖాతా లోటు (సరుకులతో పాటు సేవలు, విదేశాల నుంచి వచ్చే సొమ్ము కూడా కలిపి చూసే లోటు) జీడీపీలో 4.8 శాతానికి చేరింది. బంగారంపై సుంకాన్ని 2013 జనవరిలో 6, జూన్‌లో 8, ఆగస్టులో 10 శాతానికి పెంచారు. ఆగస్టు 28న రూపాయి 68 దాటి పడిపోయింది. 2011లో 1,900 డాలర్లు తాకిన ఔన్సు ధర ఆ రోజుకు 1,400 చిల్లరకు దిగి ఉంది. అయినా ఎంసీఎక్స్‌లో మాత్రం అప్పటికి రికార్డు ధర! ప్రపంచంలో బేర్ మార్కెట్ (ధరలు పడే దశ) ఉందని ఇక్కడ అమ్మినవారు ఏమైపోయారో వేరే చెప్పనక్కర్లేదు.

2022 జులై 1నా అదే జరిగింది. బంగారం దిగుమతులకు కళ్లెం వేయడానికి సుంకాన్ని 10.75 నుంచి 15 శాతానికి పెంచారు. ఇలాంటప్పుడు స్టాప్ లాస్ (నష్టం ఒక అంకె దాటకుండా బయటపడేందుకు ముందే పెట్టే ఆర్డరు) కాపాడదు. ధర మెట్టుమెట్టుగా ఎక్కదు, గ్యాప్‌తో, అంటే ముందు ధర నుంచి ఒక్కసారిగా ఎగిరి తెరుచుకుంటుంది. మీరు పెట్టిన అంకె దగ్గర అమ్మేవారే ఉండరు. బేర్‌లకు, అంటే ధర పడుతుందని అమ్మేవారికి, కలిసొచ్చిన రోజూ ఉంది: 2024 జులై 23న బడ్జెట్‌లో సుంకం 6 శాతానికి తగ్గించగానే ఎంసీఎక్స్ ధర దాదాపు 4,000 రూపాయలు పడింది. అయితే దాన్ని తెచ్చింది లోటు కాదు, విధానం.

నెలవారీ తొలి అంకెను కూడా గుడ్డిగా నమ్మకూడదు. 2024 నవంబరు బంగారం దిగుమతులను మొదట 1,480 కోట్ల డాలర్లన్నారు, తర్వాత సుమారు 980 కోట్లకు సవరించారు.

అయినా షార్ట్ చేయాలనుకుంటే ముందు లాట్ సైజు, అంటే ఒక కాంట్రాక్టులో ఎంత బంగారం ఉంటుందో చూసుకోవాలి. ఎంసీఎక్స్ పెద్ద కాంట్రాక్టు కిలో, మినీ 100 గ్రాములు. ధర 10 గ్రాములకు చెబుతారు కాబట్టి ఆ ధర ఒక్క రూపాయి కదిలితే కిలోకు 100, మినీకి 10 రూపాయల తేడా వస్తుంది. పైన 6, 15 శాతం సుంకాల ధరల మధ్య ఉన్న 5,800 తేడా ఎదురొస్తే మినీకి 58,000, కిలోకు 5,80,000 పోతాయి. ఆ డబ్బు ఖాతాలోంచి అదే రోజు వెళ్తుంది. లేకపోతే బ్రోకరే మీ పొజిషన్‌ను (తెరిచి ఉన్న ట్రేడ్‌ను) మూసేస్తాడు. గడువు దాకా ఉంచుకుంటే అసలు కడ్డీ డెలివరీ ఇవ్వాలి, అందుకే టెండర్ పీరియడ్ (గడువుకు ముందు డెలివరీ ప్రక్రియ జరిగే రోజులు) మొదలయ్యేలోపే బయటపడాలి.

చిన్న మదుపరికి మా సలహా పుట్ ఆప్షన్ (ప్రీమియం అనే రుసుము కట్టి, ముందే చెప్పిన ధరకు అమ్మే హక్కు) కొనమనే. సుంకం రాత్రికి రాత్రి పెరిగినా కట్టిన ప్రీమియంకు మించి నష్టం ఉండదు. ఒక్క మెలిక: లాభంలో ఉన్న పుట్‌ను గడువు దాకా వదిలేస్తే అది ఫ్యూచర్స్ అమ్మకం పొజిషన్‌గా మారిపోతుంది, మార్జిన్ (ముందస్తు హామీ సొమ్ము) అడుగుతారు. ముందే అమ్మేసుకోవాలి.

ఇంతకీ మీ అసలు అంచనా లోటు వల్ల రూపాయి పడుతుందన్నదే అయితే, దానికి సూటి దారి డాలర్-రూపాయి ఫ్యూచర్స్. అయితే రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఆ పొజిషన్ వెనక నిజమైన విదేశీ మారక అవసరం ఉండాలి. 2024 మే నుంచి ఇది గట్టిగా అమలవుతోంది. ఎగుమతిదారుకో, దిగుమతిదారుకో ఆ దారి ఉంది. కేవలం అంచనా మీద ట్రేడ్ చేసేవారికి లేదు.