దొంగను చూపించి వాయిదా అడగొద్దు

ఈ మధ్య ఓ కార్డు వాట్సాప్‌లో చర్చి గ్రూపులన్నీ తిరుగుతోంది. మా గ్రూపులోకే మూడుసార్లు వచ్చింది. అందులో ఉన్నదిది: దేవుడు దీర్ఘశాంతుడు, యేసు పక్కన సిలువ మీదున్న దొంగకే ఆఖరి నిమిషంలో పరదైసు, అంటే స్వర్గం, దొరికింది, ఆయనకు వెయ్యేళ్లు ఒక్కరోజుతో సమానం, డెబ్బది ఏళ్ల మారులు (అంటే డెబ్బై ఏడులసార్లు) క్షమించమన్నవాడు తానింకెంత క్షమిస్తాడో, ఇన్నాళ్లూ నీకేమీ కాలేదంటే నీ మీద కోపం లేనట్టే, కాబట్టి టెన్షన్ వద్దు, నిదానంగా మారొచ్చు. వెనక మా వైజాగ్ ఆర్కే బీచ్‌లో సూర్యాస్తమయం బొమ్మ. మన బీచ్‌లో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గానీ అందులోకి దిగడు. సరే, ఫొటో సంగతి వదిలేద్దాం.

ముందు దొంగ. ఆఖరి నిమిషమన్నది నిజమే. కానీ అతను వాయిదా వేశాడని సువార్తలో లూకా ఎక్కడ రాశాడు? యేసు మాట ముందే విని "తర్వాత చూద్దాంలే" అన్నాడని లేదు. దొరికిన ఆ కాసేపట్లోనే తనకీ శిక్ష న్యాయమేనని ఒప్పుకున్నాడు, పక్కవాణ్ణి గద్దించాడు, తనను జ్ఞాపకం చేసుకోమని యేసును వేడుకున్నాడు. ఆరాధన అవగానే జగదాంబలో బిర్యానీకి పరిగెత్తే మనకూ అతనికీ పోలికేంటి?

వెయ్యేళ్ల మాట బైబిల్లో రెండో పేతురు పత్రిక 3:8. కార్డు అక్కడే ఆగిపోయింది. ఆ ఓపిక ఎందుకో తొమ్మిదో వచనంలో ఉంది: ఎవరూ నశించకూడదని, అందరూ మారుమనస్సు పొందాలని. పదో వచనంలో ప్రభువు దినం, అంటే తీర్పు రోజు, దొంగ వచ్చినట్టు వస్తుందని ఉంది. కార్డు రాసినాయనకు ఒక్క దొంగే కనబడ్డాడు.

గడువంటే ఏమిటో మన ఫిషింగ్ హార్బర్‌లో చూడొచ్చు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని బోట్లు కట్టేస్తారు. పరిచిన వల మీదే కూర్చుని, కాలి బొటనవేలికి తాడు తగిలించుకుని చిరుగులు కుట్టుకుంటారు. కొందరు ఇంజన్ విప్పుతారు, కొందరు బోటుకు రంగేస్తారు. జూన్ 14 రాత్రికి వల చిరిగే ఉంటే, టైమ్ చాల్లేదంటే ఎవరు నమ్ముతారు?

డెబ్బది ఏళ్ల మారుల మాటతో నాకు పేచీ లేదు. కాకపోతే మత్తయి 18లో ఆ మాట వెంటే ఒక కథ ఉంది. పదివేల తలాంతుల, అంటే జన్మలో తీర్చలేనంత, అప్పు మాఫీ అయినవాడు బయటికొచ్చి నూరు దేనారాల కోసం తోటివాడి గొంతు పట్టుకుంటాడు. దేనారమంటే ఒక రోజు కూలి. వాడి గతి ఏమైందో కార్డులో లేదు.

నాకు ఒళ్లు మండింది చివరి మాటకే, ఏమీ కాలేదంటే కోపం లేనట్టే అన్నదానికి. దీన్నే తిరగేసి 2014 అక్టోబర్ 12 తర్వాత విన్నాం. హుద్‌హుద్ తుఫాను వైజాగ్ పాపాలకు శిక్ష అన్నారు. ఆ గాలికి ప్రార్థన చేసుకునేవాళ్ల రేకులూ లేచిపోయాయి. సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగతావాళ్లకంటే పాపులు కారని లూకా 13లో యేసే చెప్పాడు. వెంటనే కాయని అంజూరపు చెట్టు కథ ఎత్తుకున్నాడు. ఇంకో ఏడాది గడువడిగిన తోటమాలి, ఆ ఏడాదిలో చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్నాడు. తుఫాను వచ్చింది కాబట్టి కోపం అనుకోవడం ఎంత తప్పో, రాలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకోవడమూ అంతే తప్పు.

ఈ తప్పు నేనూ చేశాను. పాత నగరంలో ఉండే మా చిన్నాన్న దగ్గర మా అమ్మాయి ఫీజుకని 12,000 తీసుకున్నాను. రెండేళ్లు ఆయన అడగలేదు. చర్చి మెట్ల మీద కనబడినప్పుడల్లా "ఏటమ్మా, బాగున్నావా?" అంతే. మర్చిపోయాడనుకున్నాను. నిజం చెప్పాలంటే, మర్చిపోతే బాగుండుననుకున్నాను. ఓ ఆదివారం ఆయన కళ్లద్దాల కాడకు దారం చుట్టి ఉండటం చూసి, కొత్తవి కొనుక్కోవచ్చుగా అన్నాను. "చూద్దాంలే, చేతిలో డబ్బులాడినప్పుడు" అన్నాడు. అప్పు ఊసే ఎత్తలేదు. సండే స్కూల్లో కంఠతా పట్టిన రోమా 2:4, ఆయన దీర్ఘశాంతమును తృణీకరించుదువా అన్నది, ఆ మెట్ల మీదే గుర్తొచ్చింది.

మర్నాడే డబ్బు పట్టుకెళ్లాను. లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుని, "టీ తాగి వెళ్దువు గాని, కూర్చో" అన్నాడు.