చీకట్లో కనబడకుండా ఉంటే బతికిపోతామా?

2025 మేలో సరిహద్దు జిల్లాల్లో రాత్రిళ్ళు లైట్లు ఆర్పించినప్పటి నుంచి వాట్సాప్‌లో ఒక మెసేజ్ రకరకాల రూపాల్లో తిరుగుతోంది. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా మళ్ళీ లేచి కూర్చుంటుంది. దాని సారాంశం ఇదీ: పెద్ద ఆపద వస్తే ముందుగా పోయేది కరెంటు. ఆ చీకట్లో తను చూడగలిగి, ఇతరులకి కనబడనివాడే బతుకుతాడు. కాబట్టి ప్రతి ఇంట్లో ఒక నైట్ విజన్ కళ్ళజోడు ఉండాలి. సైన్యం వాడే రకమే నాలుగైదు వేలకి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. నల్లబట్టలు ఒక జత, థర్మల్ కెమెరాని ఏమార్చే వెండిరంగు దుప్పటి ఒకటి దగ్గర పెట్టుకోవాలి. లైటు వేయకూడదు, ఇంట్లో మనుషులున్నారని బయటికి తెలియనివ్వకూడదు. చివర్లో మామూలే, "మీవాళ్ళందరికీ పంపండి".

పంపేవాళ్ళు మంచి మనసుతోనే పంపుతున్నారు, కాదనను. నేను సీసీ కెమెరాలు బిగించి బతికేవాణ్ణి. చీకట్లో కెమెరాకి ఏం కనిపిస్తుందో, ఏం కనిపించదో చూడటమే నా పని. అందుకే ఈ మెసేజ్‌లోని మాటల్ని ఒక్కొక్కటిగా పట్టుకుంటున్నాను.

"కన్ను పొడుచుకున్నా కానరాని చీకట్లోనూ పగటిలా కనిపిస్తుంది, మీరు మాత్రం ఎవరికీ కనబడరు."

నైట్ విజన్‌లో రెండు రకాలున్నాయి. సైనికులు వాడేది ఉన్న వెలుగునే పెంచి చూపిస్తుంది. నక్షత్రాల నుంచో చంద్రుడి నుంచో వచ్చే కాస్త వెలుగు అందులోని గొట్టం ముందుభాగంలో ఎలక్ట్రాన్లుగా మారుతుంది. సన్నని రంధ్రాల పలక ఒకటి వాటిని వేలరెట్లు చేస్తుంది. అవి వెళ్ళి తెరకి తగిలి, మనం సినిమాల్లో చూసే ఆకుపచ్చ బొమ్మ వస్తుంది. మొదట ఎంతో కొంత వెలుగు ఉండాలన్నమాట. మబ్బు పట్టిన అమావాస్య రాత్రి, తలుపులన్నీ వేసిన గదిలో పెంచడానికి అసలేమీ ఉండదు.

నాలుగైదు వేలకి దొరికేది రెండో రకం. నిజం చెప్పాలంటే అది నేను వీధుల్లో బిగించే కెమెరాకి తమ్ముడే. మామూలు డిజిటల్ సెన్సరు, పక్కన ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు, ఒక చిన్న తెర. మన కంటికి కనిపించని టార్చి వేసి, ఆ వెలుగులో చూస్తుంది. ఆ వెలుగు మన కంటికి కనిపించకపోవచ్చు గానీ ఇంకో కెమెరాకి కనిపిస్తుంది. టీవీ రిమోట్‌ని ఫోన్ సెల్ఫీ కెమెరా వైపు పట్టుకుని ఒక బటన్ నొక్కండి, చాలా ఫోన్లలో రిమోట్ కొస మెరుస్తుంది. చీకట్లో ఈ కళ్ళజోడు పెట్టుకుని నిలబడినవాడు కూడా వీధిలోని ప్రతి సీసీ కెమెరాకీ, అలాంటిదే పెట్టుకున్న ప్రతివాడికీ నుదుటిమీద లైటు పెట్టుకున్నట్టు కనిపిస్తాడు. పైగా ఎక్కువ వాటిలో ఉండేవి 850 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఎల్ఈడీలు. దగ్గర్నుంచి చూస్తే అవి మామూలు కంటికే సన్నగా ఎర్రగా కనిపిస్తాయి. 940 రకమైతే ఆ ఎరుపు కూడా ఉండదు కానీ చూపు దూరం బాగా తగ్గిపోతుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే.

ఇక వాన సంగతి. తుపాను రాత్రి రికార్డయిన ఫుటేజీ ఎప్పుడైనా చూశారా? ప్రతి చినుకూ ఇన్‌ఫ్రారెడ్ వెలుగుని వెనక్కి కొట్టి తెల్లటి గీత గీస్తుంది. జోరుగా కురిస్తే తెర మీద తెల్లగీతలు తప్ప ఏమీ మిగలవు. పొగమంచులో ఇంకా ఘోరం, సున్నం కొట్టిన గోడని చూస్తున్నట్టే. ఈ కళ్ళజోడు కూడా అదే పద్ధతిలో పనిచేస్తుంది కనుక మన ప్రాంతంలో కరెంటు ఎక్కువగా పోయే రాత్రుల్లోనే, అంటే గాలివాన రాత్రుల్లోనే, అది చేతులెత్తేస్తుంది.

"సైన్యం వాడేదే."

కాదు. సైన్యం వాడే, వెలుగు పెంచే మూడో తరం గొట్టాల ఖరీదు లక్షల్లో ఉంటుంది. అమెరికా వాటిని ఆయుధాలతో సమానంగా చూస్తుంది, లైసెన్సు లేకుండా దేశం దాటనివ్వదు. నైట్ విజన్ పరిజ్ఞానాన్ని అక్రమంగా బయటికి పంపినందుకు ఐటీటీ అనే అమెరికన్ కంపెనీ మీద 2007లో 10 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అంత కాపలా ఉన్న సరుకు డిస్కౌంట్ సేల్‌లో దొరకదు.

ఒకవేళ అసలుదే దొరికినా దాన్ని పెట్టుకుని నడవడం అంత తేలిక కాదు. మామూలుగా వాటిలో చూపు 40 డిగ్రీల మేరకే ఉంటుంది, పక్కలు కనిపించవు. లోతు తెలియదు. గట్టుకీ కాలవకీ మధ్య ఎత్తు ఎంతో అంచనా దొరకదు. పైలట్లకీ సైనికులకీ దీనికోసం ప్రత్యేకంగా శిక్షణ ఇస్తారు. అలవాటు లేనివాడు మెట్లు దిగబోతే ఆ రాత్రి విరిగేది కాలే.

మన కళ్ళు ఉచితంగా చేసే పనిని ఈ మెసేజ్ పూర్తిగా మరిచిపోయింది. చీకట్లోకి వెళ్ళిన 20, 30 నిమిషాలకి కన్ను బాగా సర్దుకుంటుంది. వెన్నెల ఉంటే చేను గట్టు, చెట్టు మొదలు, కుక్క కదలిక అన్నీ తెలుస్తాయి. చీకట్లో పనిచేసే కణాలు చూపు సరిగ్గా నడిమధ్యన ఉండవు. అందుకే మసగ్గా ఉన్నదాన్ని సూటిగా కాకుండా కాస్త పక్కకి చూస్తే బాగా కనిపిస్తుంది. ఈ సర్దుబాటంతా ఫోన్ తెర ఒక్కసారి చూస్తే పోతుంది. ఆ నాలుగు వేల కళ్ళజోడు చేసేదీ అదే, కంటికి అంగుళం దూరంలో వెలుగుతున్న తెర పెడుతుంది. తీసేశాక కాసేపు రేచీకటి వచ్చినట్టే ఉంటుంది.

"నల్లబట్టలు వేసుకుంటే కెమెరాకి దొరకరు."

ఈ మాట విని మా పనివాళ్ళు నవ్వుతారు. రాత్రి ఫుటేజీలో నల్లచొక్కా చాలాసార్లు తెల్లగానో బూడిదరంగులోనో కనిపిస్తుంది. బట్టకి వేసే నల్లరంగుల్లో చాలావరకు కంటికి కనిపించే వెలుగునే పీల్చుకుంటాయి, ఇన్‌ఫ్రారెడ్‌ని వెనక్కి పంపేస్తాయి. దొంగ పట్టుబడ్డప్పుడు "ఫుటేజీలో తెల్లచొక్కా కదా, వీడిది నల్లది" అనే గొడవ కూడా ఇక్కడే పుడుతుంది. కెమెరా సంగతి వదిలేద్దాం. పిండారబోసినట్టు వెన్నెల కాస్తుంటే, ఇసుక మీద గానీ సిమెంటు రోడ్డు మీద గానీ నల్లబట్టల మనిషి మామూలు కంటికే ముందు దొరుకుతాడు. ఇక వానలో రోడ్డు మీద నల్లబట్టలతో నడిస్తే మిమ్మల్ని చూడలేనిది లారీ డ్రైవరు ఒక్కడే.

"థర్మల్‌లో గోడవతల మనుషులు, గడ్డిలో పాములు కూడా కనిపిస్తాయి, వెండిరంగు దుప్పటి కప్పుకుంటే మీరు కనిపించరు."

థర్మల్ కెమెరా ఒంటి వేడిని చూస్తుంది. దానికి వెలుతురు అక్కర్లేదు, కొంత పొగలోంచి కూడా చూస్తుంది. అంతవరకూ నిజమే, రెస్క్యూ టీములకి అది ప్రాణంతో సమానం. కానీ గోడ అటుంచి, కిటికీ అద్దంలోంచి కూడా అది చూడలేదు. మామూలు గాజు ఆ వేడి తరంగాలని దాటనివ్వదు. నీళ్ళూ అంతే.

పాముల మాట మరీ ప్రమాదం. పాముకి సొంత ఒంటివేడి ఉండదు, నేల ఎంత వేడిగా ఉంటే అది కూడా దాదాపు అంతే. థర్మల్ తెర మీద అది నేలలో కలిసిపోతుంది. మన దేశంలో పాముకాట్లతో ఏటా సుమారు 58,000 మంది చనిపోతున్నారని పరిశోధకుల అంచనా. వరద రాత్రుల్లో పాములు ఇళ్ళ అరుగులకి, అటకలకి చేరతాయి. కట్లపాము కాటు ఎక్కువగా రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్ళకే పడుతుంది. రాత్రి మోటారు వేయడానికి పొలానికి వెళ్ళే రైతుని అడగండి, ఏం కావాలో చెబుతాడు: మంచి టార్చి, కాళ్ళకి బూట్లు, చేతిలో కర్ర. ఆ టార్చి వేయొద్దనే మెసేజ్ ఇది!

మన ఎండల సంగతీ ఉంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల రాత్రి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. పగలంతా కాగిన గోడ మన చర్మం అంత వేడిగా ఉంటుంది. అలాంటి చోట థర్మల్‌లో మనిషికీ గోడకీ తేడా బాగా తగ్గిపోతుంది.

వెండిరంగు దుప్పటి నాసా 1964లో అంతరిక్ష పనులకోసం తయారుచేయించిన రకం. దాని కింద దాక్కుంటే థర్మల్‌లో మనిషి కనబడకపోవచ్చు కానీ చుట్టూ ఉన్న వేడి నేల మధ్య, చల్లటి ఆకాశాన్ని ప్రతిఫలిస్తూ మనిషి సైజులో ఒక నల్లటి మచ్చ కనిపిస్తుంది. నడిస్తే మచ్చ నడుస్తుంది. అసలు ఆ దుప్పటి దాక్కోవడానికి పుట్టింది కాదు. వానలో తడిసి వణుకుతున్న పిల్లల్ని, ముసలివాళ్ళని అందులో చుడితే వేడి నిలుస్తుంది. పగటిపూట మేడమీద పరిస్తే తళతళలాడి హెలికాప్టర్ కంట్లో పడుతుంది. దీన్ని కొనుక్కోండి, తప్పు లేదు, ఖరీదు కూడా తక్కువే.

"యుద్ధం వస్తే కనబడకుండా ఉండటమే రక్ష."

మన దగ్గర యుద్ధభయం కొత్తేమీ కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. 1971 డిసెంబరు 3 రాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది విశాఖ తీరం దగ్గరే. అప్పటి బ్లాకౌట్ రాత్రులు విశాఖలో పెద్దవాళ్ళకి గుర్తే: కిటికీలకి నల్లకాగితాలు, బండ్ల హెడ్‌లైట్లకి పైసగం నల్లరంగు. 2025 మే 7న హైదరాబాద్‌లో, విశాఖలో మాక్‌డ్రిల్ కూడా జరిగింది.

బ్లాకౌట్‌లో దాచేది ఊరి వెలుగుని. పైనున్న విమానానికి ఊరు ఎక్కడుందో తెలియకూడదని అందరూ కలిసి లైట్లు ఆర్పుతారు, ఇంట్లోనే ఉంటారు. పక్కింటివాడి నుంచి దాక్కోవడానికీ దీనికీ సంబంధం లేదు. సైరన్ మోగాక నల్లబట్టలు వేసుకుని, నెత్తిన యంత్రం పెట్టుకుని వీధిలో తిరిగేవాణ్ణి పోలీసులు ఏమనుకుంటారో మీరే ఊహించండి. శేషాచలం అడవుల దగ్గరైతే యుద్ధం కూడా అక్కర్లేదు, మామూలు రాత్రి చాలు, ఎర్రచందనం దొంగల లెక్కలో వేస్తారు.

"ఇంట్లో మనుషులున్నారని తెలియనివ్వకండి."

మిగతావాటికి డబ్బే పోతుంది, దీనికి ప్రాణం పోతుంది. అమెరికాలో ఒక వర్గం ఉంది. ప్రభుత్వం కూలిపోతుంది, జనం ఇళ్ళమీద పడతారు, తుపాకీతో దాక్కోవాలి అనే లెక్కలో వాళ్ళు సరంజామా పోగేసుకుంటారు. ఆ భయాన్ని ఇక్కడికి మోసుకొచ్చి తెలుగులో పెట్టారు. మన ఆపదలు వేరు: తుపాను, వరద, గ్యాస్ లీకు. వీటిలో మనల్ని వెతికేవాళ్ళు వస్తారు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వాయువు లీకైనప్పుడు నిద్రలో ఉన్న జనం చీకట్లో పరుగులు తీశారు. ఎందరో దారిలోనే పడిపోయారు. స్పృహ తప్పి ఇళ్ళలో ఉండిపోయినవాళ్ళ కోసం పోలీసులూ ఇరుగుపొరుగువాళ్ళూ ఇంటింటికీ తిరిగి తలుపులు తెరిచి మరీ బయటికి మోశారు. ఎవరింట్లో ఎంతమంది ఉంటారో పక్కవాళ్ళకి తెలియడం వల్ల బతికినవాళ్ళు వాళ్ళు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. కరెంటు లేదు, మేడలమీద జనం. అన్నం పొట్లాలు, నీళ్ళు హెలికాప్టర్ల నుంచి, డ్రోన్ల నుంచి దించారు. పడవలు వెళ్ళింది చెయ్యి ఊపినవాళ్ళ దగ్గరికి, కేక వేసినవాళ్ళ దగ్గరికి. అదేరోజు ఖమ్మంలో మున్నేరు ఉధృతికి ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. వాతావరణం బాగోక హెలికాప్టర్ రాలేకపోయింది. పగలంతా గడిచాక, చీకటి పడ్డ తర్వాత ఒక జేసీబీ డ్రైవరు ప్రాణానికి తెగించి బండిని నీళ్ళలోకి దింపి వాళ్ళని తెచ్చాడు. వంతెన మీద మనుషులున్నారని ఒడ్డున అందరికీ తెలుసు కాబట్టే అది సాధ్యమైంది.

దొంగల భయం ఉత్తిదని అనను. వరదలో ఇల్లు వదిలి రమ్మంటే చాలామంది రాకపోవడానికి కారణం అదే. కానీ దొంగ వచ్చేది ఎవరూ లేరనిపించే ఇంటికే, మెసేజ్ చెప్పినట్టు దాక్కుంటే మన ఇల్లు అలాగే కనిపిస్తుంది. కళ్ళజోడు పెట్టుకుని చీకట్లో కూర్చోవడం కన్నా, కాగితాలూ బంగారమూ సంచిలో వేసుకుని అందరితో పాటు బయటపడటం నయం.

ఆ నాలుగైదు వేలకి ఏమొస్తాయో చూద్దాం. రెండు మంచి టార్చిలు, విడి సెల్స్, ఒక పవర్ బ్యాంకు, ఇంట్లో తలా ఒక విజిల్. గొంతు అరగంటలో పోతుంది, విజిల్ పోదు. మూడుసార్లు ఊది ఆగి, మళ్ళీ మూడుసార్లు ఊదడం చాలాచోట్ల ఆపద గుర్తే; టార్చి కూడా అలాగే మూడుసార్లు వెలిగించి ఆర్పాలి. బండ్ల వెనక అంటించే రేడియం స్టిక్కర్ రోల్ ఒకటి కొని సంచులకీ, గొడుగుకీ, పిల్లల రెయిన్‌కోటు వీపుకీ అంటించండి. పడవలోంచి ఎవరు టార్చి వేసినా ఆ వెలుగు తిరిగి వాళ్ళ కంట్లోనే పడుతుంది. మేడ పిట్టగోడకి ఎర్రచీరో పసుపు చీరో కట్టండి. ఫోన్‌లో చార్జింగ్ ఉండగానే 112కి గానీ, విపత్తుల కంట్రోల్ రూమ్ 1070కి గానీ చేసి ఎంతమంది ఉన్నారో, ఏ అంతస్తులో ఉన్నారో చెప్పండి.

ఇప్పటికే ఆ కళ్ళజోడు కొనేసినవాళ్ళు దిగులు పడక్కర్లేదు. వాన లేని రాత్రి మంచె మీద కూర్చుని చేలో అడవిపందులు పడ్డాయో లేదో చూసుకోవడానికి పనికొస్తుంది. వాడనప్పుడు సెల్స్ తీసి విడిగా పెట్టండి, లోపలే వదిలేస్తే కారి కాంటాక్టులు తుప్పు పడతాయి.