విశ్వావసు లెక్కలు, పరాభవ ప్రణాళికలు

(చెన్నై మైలాపూరులో, లజ్ కూడలికి దగ్గరగా ఉన్న ఒక పాత ఇంటి మేడమీది భాగం. 2025 డిసెంబరు చివరి వారం. ఆడిట్ శాఖలో పనిచేసి విశ్రాంతి పుచ్చుకున్న పార్థసారథి కొత్త డైరీ మీది ప్లాస్టిక్ కాగితాన్ని విప్పుతున్నాడు. తెలుగు పంతులమ్మగా రిటైరైన అక్కయ్య విశాలాక్షమ్మ వంటింటి గోడకు ఉన్న క్యాలెండరును మేకుతో సహా ఊడబెరుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది.)

విశాలాక్షమ్మ: ఆ కలానికి మూత పెట్టరా సారథీ. పోయే సంవత్సరం లెక్క తేలకుండా ఆ డైరీలో ఒక్క అక్షరం కూడా పడటానికి వీల్లేదు.

పార్థసారథి: గడిచినదాన్ని తవ్వుకుంటే మనశ్శాంతి పోవడం తప్ప ఒరిగేదేముంది అక్కయ్యా? 2026కు పదకొండు తీర్మానాలు ఆలోచించి పెట్టుకున్నాను. మరిచిపోయేలోగా వాటిని రాసుకోనివ్వు.

విశాలాక్షమ్మ: మరిచిపోతావన్న బెంగ నీకు అక్కరలేదు. వాటిలో చాలావరకు పాత డైరీ మొదటి పేజీలో భద్రంగానే ఉన్నాయి. ఆ పేజీ తరువాత ఇస్త్రీ బట్టల లెక్క, ఎవరిదో పేరు లేని ఫోన్ నంబరు తప్ప మరేమీ లేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఊరందరి పద్దులూ తిరగేసి, ఓచరు లేని ప్రతి ఖర్చుకూ అభ్యంతరం రాసినవాడివి, నీ సంవత్సరం దగ్గరకు వచ్చేసరికి ఓచర్లు అడగవద్దంటే ఎలా కుదురుతుంది?

పార్థసారథి: నా జ్ఞాపకశక్తే నా ఓచరు. ఈ ఏడాది నేను క్రమం తప్పకుండా నాగేశ్వరరావు పార్కులో నడిచాననీ, కరెంటు ఖర్చు తగ్గించాననీ, సంగీతం విన్నాననీ నాకు స్పష్టంగా గుర్తున్నది.

విశాలాక్షమ్మ: ఇదిగో క్యాలెండరు. పాల లెక్క, సిలిండరు వచ్చిన తేదీ, మీటరు రీడింగు రాసే గడులలోనే, నువ్వు నడకకు వెళ్ళిన రోజున ఎర్ర చుక్క పెడుతూ వచ్చాను. వెతుక్కో.

పార్థసారథి: (కళ్ళజోడు సవరించుకుని, చాలాసేపటికి) జూలైలో ఒకటి కనిపిస్తున్నది కదా!

విశాలాక్షమ్మ: అది పులుసు చుక్క.

పార్థసారథి: దిత్వా తుపాను వానలకు పార్కంతా బురదగా ఉంటే, ఈ వయసులో జారిపడి నీకు భారం కావడం ఇష్టంలేక ఆగిపోయాను.

విశాలాక్షమ్మ: దిత్వా వచ్చింది నవంబరు నెలాఖరులో. మార్చి నెలలో నిన్ను గడప దాటనివ్వని తుపాను పేరేమిటో కూడా చెప్పు, వాతావరణ శాఖవారికి తెలియజేస్తాను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో అమృతాంజనం వ్యాపారం మొదలుపెట్టి, ఆ సంపాదనతో పత్రిక నడిపి, దేశానికి ఇంత చేసి పోతే, ఆయన పేరు పెట్టిన పార్కులో నువ్వు వేసిన అడుగులకన్నా ఇంట్లో కూర్చుని మోకాళ్ళకు పట్టించిన ఆయన మందే ఎక్కువగా ఉన్నది.

పార్థసారథి: నడక సంగతి వదిలెయ్యి. కరెంటు విషయంలో మాత్రం నన్నెవరూ వేలెత్తి చూపలేరు. రాత్రిపూట రెండు గంటలు మాత్రమే ఏసీ వేస్తానని రాసుకున్నాను, వేశాను.

విశాలాక్షమ్మ: వేసిన మాట నిజమే, ఆపిన మాటే అబద్ధం. ఈ రాష్ట్రంలో రెండు నెలలకొకసారి రీడింగు తీస్తారనీ, మొదటి నూరు యూనిట్లు ఉచితమనీ, మొత్తం 500 దాటిందంటే ఆ ఉచితం వెనక వచ్చే నూరు యూనిట్ల రేటు కూడా దాదాపు రెట్టింపవుతుందనీ నాకు చెప్పినవాడివి నువ్వే. ఆ 500 గీతను ఆగస్టులో దాటింది నేను కాదు, నా గదిలో ఉన్నది ఫ్యాను మాత్రమే. ఇక సంగీతమంటావా, త్యాగయ్యగారి సాహిత్యం తెలుగులో ఉన్నందుకైనా లోపల కూర్చుంటావని సభకు టిక్కెట్టు కొనిపెడితే, ఆలాపన ముగిసేలోపలే క్యాంటీనుకు పోయి, చేతికి కాశీహల్వా జిడ్డు అంటించుకుని మంగళానికి తిరిగి వచ్చావు.

(తన మీదే అభ్యంతరం వచ్చినప్పుడు ఏ ఆడిటరైనా మొదట అడిగేది గడువు. పార్థసారథి కూడా ఆ సంప్రదాయం తప్పలేదు.)

పార్థసారథి: అసలు తెలుగువాళ్ళం, మనకు జనవరి ఒకటితో పనేమిటి? 2026 మార్చి 19న ఉగాది వస్తున్నది. పచ్చడి తిని, పంచాంగంలో ఆదాయవ్యయాలు విని, అప్పుడు తీరికగా సమీక్షించుకుందాం.

విశాలాక్షమ్మ: ఉగాదినాడు అడిగితే ఆర్థిక సంవత్సరం ఇంకా ముగియలేదంటావు. ఏప్రిల్ 1న అడిగితే, ఉన్న ఊరి ఆచారం మన్నించాలనీ, 14న తమిళుల పుత్తాండు కానీయమనీ అంటావు. ఇన్ని సంవత్సరాదులున్న ఊళ్ళో నీకు వాయిదాలకు కొదవేమున్నది? పైగా అరవై సంవత్సరాల పేర్లు వాళ్ళకూ మనకూ ఒకటే కనుక, మార్చిలో ఒకసారి, ఏప్రిల్‌లో మరొకసారి విశ్వావసు పోయి పరాభవ వస్తుంది. తోడబుట్టినదాన్ని, నీకు రెండుసార్లు పరాభవం జరుగుతుంటే చూడలేను. ఈ పూటే ఒకసారిగా కానిద్దాం.

పార్థసారథి: సరే, తనిఖీ అంటే ఇద్దరికీ తనిఖీయే. ఆ క్యాలెండరు ఇలా ఇవ్వు. (మొదటి పేజీకి తిప్పి) జనవరి 18, పుష్య బహుళ పంచమి. ఈ గడిలో నీ గుండ్రటి అక్షరాలతో ‘తిరువయ్యారులో త్యాగయ్యగారి ఆరాధనకు తప్పక వెళ్ళవలెను’ అని ఉన్నది. వెళ్ళావా?

విశాలాక్షమ్మ: ఎలా వెళతానురా? ఆ రోజే సిలిండరు వచ్చింది, ఇంట్లో మనిషి ఉండాలి కదా.

పార్థసారథి: సిలిండరు వచ్చినట్టు 13వ తేదీ గడిలో రాసి ఉన్నది.

విశాలాక్షమ్మ: అది 18. నీ కళ్ళజోడు మార్చుకో.

పార్థసారథి: 13వ గడిలో పడిన సిలిండరు 18న ఎలా వస్తుంది అక్కయ్యా? ఉద్యోగంలో ఉండగా ఇటువంటి దిద్దుబాటు మీద రెండు పేజీల నోటు రాసేవాణ్ణి.

విశాలాక్షమ్మ: (కాస్త తగ్గి) ఒక్కదాన్నే వెళ్ళబుద్ధి కాలేదు. నువ్వు రానన్నావు.

పార్థసారథి: నువ్వు అడగలేదు. ఈసారైనా అడుగుతావని, ఆరాధన జనవరి 7న పడిందని కూడా చూసి పెట్టుకున్నాను.

విశాలాక్షమ్మ: చూసి పెట్టుకున్నవాడివి టిక్కెట్లు కొన్నావా? నువ్వు కొంటావని నేను ఊరుకున్నాను.

పార్థసారథి: నువ్వు అడిగాక కొందామని నేను ఊరుకున్నాను. రైలు రిజర్వేషను ఇదివరకు 120 రోజుల ముందు తెరిచేవారు, 2024 నవంబరు 1 నుంచి 60 రోజులకు తగ్గించారు. అంటే మన గడువు నవంబరు మొదట్లోనే వచ్చి పోయింది.

విశాలాక్షమ్మ: అప్పుడు ఏం చేస్తున్నావు?

పార్థసారథి: కొత్త డైరీ ఎక్కడ చౌకగా దొరుకుతుందా అని చూస్తున్నాను.

విశాలాక్షమ్మ: ఆ పదకొండు తీర్మానాలూ కొట్టెయ్యి. తంజావూరు వరకు రైలు, అక్కడినుంచి బస్సు అని ఒక్కటే రాయి. బాధ్యత ఎవరిదో కూడా పక్కనే రాయి, మళ్ళీ డిసెంబరులో ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోనక్కరలేదు.

పార్థసారథి: నా పేరే రాస్తున్నాను. మిగిలింది తత్కాల్ ఒక్కటే. ప్రయాణానికి ముందురోజు ఉదయం ఏసీకి పది గంటలకు, మామూలు స్లీపరుకు పదకొండు గంటలకు తెరుస్తారు. పది గంటలకల్లా ఫోన్ పట్టుకుని సిద్ధంగా కూర్చుంటాను.

విశాలాక్షమ్మ: పదకొండుకు కూర్చుంటే చాలు. ఆగస్టు బిల్లు కట్టినదాన్ని, నీతో ఏసీ ప్రయాణానికి ఒప్పుకుంటానని ఎలా అనుకున్నావు?