వాన నీరు ఎక్కడ దిగుతోందిరా బాబూ!
వాన పడ్డ ప్రతిసారీ మోటర్‌బోటు క్యాబిన్‌లో పరుపు తడిసి ముద్ద! పైనున్న కిటికీయే కారణమా? కాదు! నీళ్లు ఎక్కడో రెయిలింగ్ బోల్టు దగ్గర దిగి, డెక్‌కీ (బోటు పైతలానికీ) లోపలి సీలింగ్‌కీ మధ్య పాకి, ఇంకెక్కడో కారతాయి. కనిపెట్టాలంటే బయట ఒకరు పైపుతో కింది నుంచి పైకి ఒక్కో చోటే తడపాలి, లోపల ఇంకొకరు టార్చితో కాపలా కాయాలి. అంత ఓపిక లేక పాత ఓనర్లు పైపైన సిలికాన్ పూసేశారు. ఎందుకండీ ఆ పని? దాని జిడ్డు మీద మరేదీ సరిగా అంటుకోదు! గీకి గీకి వేళ్లు పోతున్నాయి. ఫిట్టింగ్ మొత్తం ఊడదీసి, బ్యుటైల్ టేపుతో, అంటే నీరు చొరకుండా అంటుకునే మెత్తని రబ్బరు పట్టీతో, మళ్లీ బిగించాల్సిందే. చాలా బోట్లకు డెక్ ఫైబర్ పొరల మధ్య బాల్సా అనే తేలికపాటి చెక్క ఉంటుంది. నీరెక్కితే కుళ్లడమే! బోటు కట్టినప్పుడే ఆ బోల్టు రంధ్రాల అంచులకు ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పట్టిస్తే కట్టినవాళ్ల సొమ్మేం పోయేది?