అలసట నిరూపించాలంటే ఓపిక ఉండాలి

క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్‌కు, అంటే నెలల తరబడి వదలని అలసట జబ్బుకు, ఖాయంగా నయం చేసే మందు ఇంతవరకు లేదని వైద్యులు అంటారు. నేను ఒప్పుకోను. అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ, అంటే అక్కడివాళ్లు పొట్టిగా వీఏ అని పిలుచుకునే కార్యాలయం, ఆ మందు ఎప్పుడో కనిపెట్టింది. దాని పేరు అప్పీలు: సర్వీసు వల్ల వచ్చిన జబ్బుకు అడిగిన పరిహారం కాదంటే, మళ్లీ మళ్లీ అడగడం. మంచం మీంచి లేవలేని మనిషి చేత ఏళ్ల తరబడి ఫారాలు నింపించి, పాత ఆస్పత్రి కాగితాలు పోగు చేయించి, గడువు తేదీలు తప్పకుండా గుర్తుపెట్టుకునేలా చేసే చికిత్స లోకంలో ఇంకెక్కడుందో చెప్పండి.

1990-91 గల్ఫ్ యుద్ధానికి అమెరికా దాదాపు 7 లక్షల మందిని పంపింది. తిరిగొచ్చిన వాళ్లలో చాలామందికి తీరని నీరసం, కీళ్ల నొప్పులు, మతిమరుపు పట్టుకున్నాయి. నర్వ్ గ్యాస్ నుంచి కాపాడతాయని మింగించిన పిరిడోస్టిగ్మిన్ మాత్రలా, గుడారాల్లో కొట్టిన పురుగుమందులా, 1991 మార్చిలో ఇరాక్‌లోని ఖమిసియా ఆయుధాగారం పేల్చినప్పుడు గాల్లో కలిసిన సారిన్ అనే నర్వ్ గ్యాసా అని శాస్త్రవేత్తలు ఇంకా తర్కిస్తూనే ఉన్నారు. చట్టం మాత్రం ఉదారంగా వ్యవహరించింది. ఆ ప్రాంతంలో పనిచేసిన సైనికుడికి ఈ సిండ్రోమ్ ఉంటే, అది సర్వీసు వల్లే వచ్చిందని శాఖే అనుకోవాలంది. జబ్బుకు పేరు తేలకపోయినా అదే మర్యాద. చిక్కల్లా ఎక్కడంటే, 'నీది ఫలానా మామూలు జబ్బు' అని పరీక్ష చేసిన డాక్టరు పేరు పెట్టేస్తే మర్యాద అక్కడితో సరి. కాబట్టి గల్ఫ్ సైనికుడు మంచి డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి.

ఇక కొలతల సంగతి. సదరం శిబిరం ముందు బారులు తీరిన మనవాళ్లకు శాతాలు కొత్త కాదు. మన దగ్గర సాధారణంగా 40, ఆపైన ఉంటే పింఛను, లేకపోతే ఇంటికి. అక్కడ మెట్లు ఎక్కువ: 10, 20, 40, 60, 100. వాటి కన్నా ముందు అసలు జబ్బు ఉందని తేలాలి. అందుకు రోజువారీ పనులు సగం కన్నా తక్కువకు పడిపోయి కనీసం ఆరు నెలలు అలాగే ఉండాలి. ఆ పైన నియమంలో రాసిన పది లక్షణాల్లో ఆరు కనిపించాలి. ఇంత తేలాక మెట్ల దగ్గరికి వస్తే, పనులు పావు వంతు లోపే తగ్గిన వాళ్లకు 20 శాతం అని ఒక మెట్టు ఉంది. అంటే గుమ్మం దాటాలంటే సగం మనిషి అయి ఉండాలి, లోపలికొచ్చాక ముప్పాతికకు పైగా మనిషివే అని తేల్చవచ్చు. గుమ్మానికీ కుర్చీకీ మధ్య నడిచేలోపు రోగి కోలుకుంటాడని శాఖ ఆశ. ఇంత ఆశావాదం మన ఆఫీసుల్లో దొరకదు.

జబ్బు వస్తూ పోతూ ఉంటే వారాలు లెక్కపెడతారు. ఏడాదిలో మొత్తం ఆరు వారాలు కదల్లేకపోతే 60 శాతం. అయితే డాక్టరు రాసిచ్చిన పడకే పడక. తనంతట తాను ఇంట్లో మంచాన పడి ఉంటే అది సొంత పూచీ మీద పడుకోవడం కింద లెక్క. రోగి చేయాల్సిందల్లా ఒకటే: ఆస్పత్రికి వెళ్లి, 'నేను ఆస్పత్రికి రాలేని స్థితిలో ఉన్నాను, కాస్త రాసివ్వండి' అని అడగడం.

ఈ అలసట చాలా మర్యాదస్తురాలు. శ్రమపడిన రోజున ఊరుకుని, మర్నాడో ఎల్లుండో వచ్చి మనిషిని పడేస్తుంది. పరీక్ష రోజున మాజీ సైనికుడు గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, అడిగినదానికి తడుముకోకుండా జవాబు చెబుతాడు. డాక్టరు అదే రాస్తాడు. తర్వాత రెండు రోజులు ఆయన లేవకపోయినా ఆ గదిలో చూసేవాళ్లు ఎవరూ ఉండరు. 2017లో అమెరికా కాంగ్రెస్ తరఫున లెక్కలు చూసే జీఏఓ ఒక నివేదిక ఇచ్చింది. గల్ఫ్ జబ్బుల గురించి పరీక్షకులకు శాఖ 90 నిమిషాల పాఠం తయారు చేసి పెట్టిందట, ఇష్టమైతేనే వినొచ్చట. విన్నవాళ్లు పదిమందిలో ఒకరు. వాళ్లకూ అలసట ఉంటుంది కదా, పాపం. 2015 ఆర్థిక సంవత్సరంలో ఈ జబ్బుల క్లెయిముల్లో ఒప్పుకున్నవి సుమారు 17 శాతం. మిగతా జబ్బులతో పోలిస్తే మూడో వంతు.

సాక్ష్యం రెండు వైపులా సమానంగా తూగితే తీర్పు మాజీ సైనికుడికే ఇవ్వాలని చట్టం. చాలా గొప్ప నియమం. సమానంగా తూగకుండా చూడటానికి పరీక్షకుడి వాక్యం ఒక్కటి చాలు: 'సర్వీసుకు సంబంధం ఉండే అవకాశం తక్కువ.'

అక్కడి నుంచి చికిత్స మొదలు. 2019 ఫిబ్రవరి నుంచి మూడు దారులు తెరిచారు. కొత్త సాక్ష్యంతో మళ్లీ అడగొచ్చు, పాత సాక్ష్యాన్నే పై అధికారికి చూపించొచ్చు, లేదా శాఖ అప్పీళ్ల బోర్డులో జడ్జి ముందుకు వెళ్లొచ్చు. ఒక దారిలో ఓడితే ఏడాదిలోపు ఇంకో దారి పట్టొచ్చు. ఈ రోగులకు వ్యాయామం మెట్టుమెట్టుగా పెంచే చికిత్స ఇవ్వొద్దని బ్రిటన్‌లో నైస్ అనే మార్గదర్శక సంస్థ 2021లో చెప్పేసింది. వీఏ మాత్రం వదల్లేదు. ఫారం 0995, ఫారం 0996, ఫారం 10182. మెట్టుమెట్టుగా.

ఇంత చక్కటి ఏర్పాటుకు నాదొక చిన్న సవరణ. అప్పీలు తప్పుల్లేకుండా, గడువులోగా వేసినవాడికి అలసట లేదని తేలిపోయింది కాబట్టి కొట్టేయాలి. గడువు దాటినవాడిది గడువు దాటింది కాబట్టి కొట్టేయాలి. పరీక్షలు, డాక్టర్లు, జడ్జీలు, ఆ ఖర్చంతా మిగులుతుంది.

రెండో సగం నా సొంత బుర్రలో పుట్టింది కాదు. కొరియా యుద్ధకాలపు మాజీ సైనికుడు ఒకాయన మనోవ్యాధితో నూటికి నూరు శాతం వికలాంగుడని శాఖే ఒప్పుకుంది. ఇంట్లో చూసుకునే మనిషి కావాలని ఆయన అడిగితే బోర్డు కాదంది. కోర్టుకు వెళ్లడానికి 120 రోజుల గడువు. ఆయన 15 రోజులు ఆలస్యంగా, 2005 జనవరిలో వేశాడు. ఆలస్యానికి కారణం ఆ జబ్బేనన్నాడు. మన్నించే అధికారం తమకు లేదని కోర్టు అంది. అది అంత కఠినమైన గడువేమీ కాదని సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఎనిమిది మందీ ఒక్కమాటగా చెప్పేసరికి 2011 మార్చి వచ్చింది. అప్పటికే ఆయన చనిపోయాడు. కేసు ఇంటివాళ్ల పేరు మీద నడిచింది. ఆ ప్రశ్న ముందే తేలి ఉంటే చూసుకునే మనిషిని నిజంగానే పంపాల్సి వచ్చేదేమో. శాఖకు ఆ టెన్షన్ కూడా తప్పింది.