రీలుగారి తలంటు

"మంచినీటితో కడగవలెను."

ఇంతే వాక్యం. చేపలు పట్టే కర్రకు బిగించి తంగూసు చుట్టే రీలుతో పాటు పెట్టెలో వచ్చే చిన్న పుస్తకంలో, ఒక బొమ్మ కింద ఉంటుంది. పుస్తకం పన్నెండు భాషల్లో ఉంది, తెలుగులో లేదు. కాబట్టి ఈ గ్రాంథిక అనువాదం నాదే. సముద్రంలో వాడిన ప్రతిసారీ మంచినీటితో కడగవలెను, నీడలో ఆరబెట్టవలెను, తుప్పు పట్టినచో కంపెనీకి బాధ్యత లేదు. బొమ్మలో ఒక కుళాయి, దాని కింద మూడు నీలం చుక్కలు. ఆ కుళాయి ఏ ఊరిదో రాయలేదు. చెన్నైలో, అందులోనూ తిరువాన్మియూరులో, సముద్రానికి నాలుగు వీధుల ఇవతల ఉన్న మా అపార్ట్‌మెంటుది మాత్రం కాదని ఏ కోర్టులోనైనా ప్రమాణం చేస్తాను.

రీలు మా బావగారిది. ఉద్యోగ విరమణ తర్వాత మనిషికి ఒక వ్యాపకం ఉండాలని ఎవరో చెప్పారట. కొందరు భగవద్గీత మొదలుపెడతారు, కొందరు అపార్ట్‌మెంటు సంఘానికి కార్యదర్శి అయి పదిమంది ప్రాణం తీస్తారు. ఈయన 18 వేలు పెట్టి రీలు కొన్నారు. కర్ర వేరే, తంగూసు వేరే, ఎరగా వాడే రంగురంగుల ప్లాస్టిక్ చేపల పెట్టె వేరే. రీలు ఒంటి మీద బంగారు అక్షరాలతో సముద్రానికి తగినదని రాసి ఉంది. మూడేళ్లలో దానితో ఆయన పట్టినవి: మా ఒడ్డున ఒక జెల్ల, కోవళం రాళ్ల దగ్గర అరచేతంత పార పిల్ల ఒకటి, లెక్కలేనన్ని ప్లాస్టిక్ సంచులు. ఆశపడింది పండుగప్పకు, పడింది జెల్ల. జెల్ల కొట్టడం అనే మాట మన భాషలోకి ఏ దారిన వచ్చిందో గాని, ఆ రోజు ఆయన ముఖం చూశాక నాకు వేరే వ్యుత్పత్తి అక్కర్లేకపోయింది.

అయినా ఇది చేపల గోష్ఠి కాదు. చేపలతో బావగారికి అంత రాకపోకలు లేవు. ఆయన సంసారమంతా ఉప్పుతోనే.

ఉప్పును తక్కువ అంచనా వేయకూడదు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాములు ఉంటుంది. నీరు ఆరినా అది పోదు. స్పూలు అంచులో, పిడి సందులో, తంగూసు చుట్ల మధ్య తెల్లగా కూర్చుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటగానే ఆ పొడి ఉప్పు తనంతట తానే తేమ పీల్చి మళ్లీ నీరవుతుంది. చెన్నైలో తెల్లవారుజామున తేమ అంతకు తగ్గిన రోజు ఎప్పుడైనా వస్తే నాకు కబురు పెట్టండి, పండగ చేసుకుందాం. అంటే రీలు బీరువాలో పడుకున్నా, అర్ధరాత్రి లేచి సముద్రానికి వెళ్లి వస్తున్నట్టే లెక్క. స్టెయిన్‌లెస్ అన్న బిరుదును కూడా నమ్మనక్కర్లేదు. ఆ ఉక్కును కాపాడేది దాని మీదున్న కంటికి కనిపించని క్రోమియం ఆక్సైడ్ పొర. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరకు సూదిమొనంత కన్నం వేసి లోపలికి దూరుతుంది. మాలిబ్డినం కలిపిన 316 రకం కొంచెం ఎక్కువ కాలం నిలబడుతుంది, నిలబడి తర్వాత పడుతుంది. ఇక అల్యూమినియం ఒంటికి ఉక్కు మర బిగించి, మధ్యలో ఉప్పునీరు పోస్తే దాన్ని బ్యాటరీ అంటారు. అందులో తరిగిపోయేది అల్యూమినియమే, తెల్లటి పొడిగా రాలుతుంది. బావగారు మొదట దాన్ని ఉప్పే అనుకుని నాలుకకు రాసుకుని చూశారు.

రామేశ్వరం దారిలో సముద్రం మీదున్న పాంబన్ వంతెనంతటిదే 1914 నుంచి ఈ ఉప్పుగాలితో పోరాడి, 2022 డిసెంబరులో రైళ్లను ఆపేసుకుంది. పక్కనే కొత్తది కట్టి 2025లో తెరిచారు. అలాంటి ఉప్పును బావగారు ఆదివారం పూట చెంబుతో జయించాలని బయల్దేరారు.

ఆ కార్యక్రమాన్ని కాస్త వర్ణించనివ్వండి. ముప్పై సార్లు చూశాను, ఇంకా తనివి తీరలేదు.

పొద్దున ఆరున్నరకు ఒడ్డు నుంచి వచ్చాక ఆయన ముందు కాళ్లు కడుక్కోరు, కాఫీ తాగరు. డాబా మీద పీట వేస్తారు. పీట మీద పాత పంచె, పంచె మీద రీలు. మొదట డ్రాగ్, అంటే తంగూసు జారకుండా పట్టే బ్రేకు, గట్టిగా బిగిస్తారు, లోపలి బిళ్లల్లోకి నీరు పోకుండా. అది సరైన పనే, నేనూ ఒప్పుకుంటాను. అప్పుడు మా అక్క చెంబు పట్టుకుని నిలబడాలి. "ధార సన్నగా! సన్నగా!" పైపుతో కొట్టకూడదు, ఆ జోరుకు ఉప్పు సందుల్లోకి పోతుంది. బకెట్‌లో ముంచకూడదు, నీరు గ్రీజులోకి చేరుతుంది. అందుకని అక్క అర్ఘ్యం ఇస్తున్నట్టు పోస్తూ ఉంటుంది, ఆయన పిడిని మెల్లగా తిప్పుతూ ఉంటారు. 35 ఏళ్ల కాపురంలో దీపావళినాడైనా ఆయన తల మీద ఆమె అంత శ్రద్ధగా నీళ్లు పోసిన దాఖలా లేదు.

తర్వాత తుడుపు. అందుకు మెత్తటి నూలుగుడ్డ. అది నా పెళ్లిలో నాకు పెట్టిన కండువా అని ఆలస్యంగా తెలిసింది. సందుల్లోకి పాత టూత్‌బ్రష్షు. లైన్ రోలరుకు ఒక్క చుక్క నూనె. ఒక్కటే! రెండోది పడితే దాన్ని అద్ది తీయడానికి దూది పుల్ల. తడి తంగూసంతా దాని మీదుగానే లోపలికి వస్తుంది కాబట్టి రీలులో అన్నిటికంటే ముందు కన్నుమూసేది ఆ రోలరు బేరింగే. నాకెందుకీ జ్ఞానం అంటారేమో, ఆయన పీట వేసేది సరిగ్గా మెట్ల తలుపుకు అడ్డంగా. వినకుండా దిగిపోయే దారి లేదు. ఒకసారి కింది వాటా ఆయన, తలుపు బందులకు కొట్టే స్ప్రే కొడితే సరిపోదా అని అడిగారు. అది నీటిని తరుముతుంది గాని గ్రీజును కూడా కడిగేస్తుందని ఆయనకు ముప్పావుగంట పాఠం జరిగింది. ఆయన ఇప్పుడు బట్టలు బాల్కనీలోనే ఆరేసుకుంటున్నారు.

ప్లాస్టిక్ చేపలకు వేరే పళ్లెం. ఒక్కొక్కదాన్నీ కడిగి, తుడిచి, గాలాలు ఒకదానికొకటి తగలకుండా వరుసగా పడుకోబెడతారు. తడిసినదాన్ని పొరపాటున పెట్టెలో పెడితే ఆ ఒక్కదాని తుప్పు పెట్టెకంతా అంటుతుంది. అంతా ఆరాక డ్రాగ్ వదులు చేస్తారు. సాంబ్రాణి ఒక్కటే తక్కువ. మూడో అంతస్తు మామిగారు ఒక ఆదివారం పైకి వచ్చి, ఆ పీట, ఆ చెంబు, ఆ కండువా చూసి, చెప్పులు విడిచి దండం పెట్టుకుని వెళ్లారు. ఏ దేవుడని అడగలేదు.

నన్ను కాల్చుకు తినేది ఏమిటంటే, ఆయన చేసేదాంట్లో ఒక్క తప్పు కూడా లేదు. చెంబులోని నీళ్లు తప్ప.

మా బోరు నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 2,400 మిల్లీగ్రాములు. తాగేనీటికి భారతీయ ప్రమాణాలు చెప్పే పరిమితి 500, వేరే గతి లేనప్పుడు 2,000. మేం గతిలేనివాళ్ల గీత కూడా దాటేశాం. ఈ నీళ్లకు సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు, కుళాయి మూతులన్నిటికీ తెల్లగడ్డాలు. మొదటి ఏడాదంతా రీలుకు తలంటు జరిగింది ఈ నీళ్లతోనే. సముద్రపు ఉప్పును కడిగి, ఆ స్థానంలో బోరు ఉప్పును వారం వారం, పీట వేసి మరీ ప్రతిష్ఠించారు.

అది గ్రహించాక బావగారు క్యాను నీళ్లకు మారారు. 20 లీటర్లు. ఒక్క రీలుకు. నేను మెల్లగా చెప్పి చూశాను. ముందు బోరు నీళ్లతోనే కడగండి బావగారూ, సముద్రపు 35 వేల మిల్లీగ్రాముల ముందు 2,400 మేలే కదా, ఆఖరున ఒక్క చెంబు మంచినీళ్లు పోసి, దానంతట అది ఆరేలోపే పొడిగుడ్డతో తుడిచేస్తే చాలు అని. "ఒక్క చెంబా?" అన్నారు, కూతురి పెళ్లి గుళ్లో కానిచ్చేయమన్నవాడిని చూసినట్టు చూసి.

ఈ ఊళ్లో మంచినీళ్ల గోత్రం కూడా ఒకసారి చెప్పుకోవాలి. నీళ్లు చాలక 2010లో మీంజూరులో, 2013లో నెమ్మేలిలో సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసే కర్మాగారాలు పెట్టారు. ఒక్కొక్కటీ రోజుకు 10 కోట్ల లీటర్లది. 2024లో నెమ్మేలిలోనే 15 కోట్ల లీటర్లది ఇంకొకటి. అంటే సముద్రాన్ని తోడి, బోలెడు కరెంటు పోసి ఉప్పు తీసి, గొట్టాల్లో ఊరికి తెచ్చి, దానితో సముద్రపు ఉప్పును కడిగి, కాలువలో వదిలితే అది మళ్లీ సముద్రానికి పోతుంది. మధ్యలో బావగారు. తక్కిన దాంట్లో మన కృష్ణమ్మ వాటా ఉంది. ఎన్టీఆర్, ఎంజీఆర్ ప్రభుత్వాలు 1983లో ఒప్పందం చేసుకుంటే, 1996లో తమిళనాడు గడప తొక్కిన నీళ్లు. శ్రీశైలంలో బయల్దేరి, సోమశిల, కండలేరు దాటి, దారిపొడుగునా రైతుల చూపులు తప్పించుకుంటూ అంత దూరం వచ్చిన తల్లి, చివరికి మా డాబా మీద లైన్ రోలరు కడిగింది. పుష్కరాలకు వెళ్లలేకపోయానన్న దిగులు బావగారికి ఇక ఉండనక్కర్లేదు.

ఇంత చేసినా రీలు బిగుసుకుపోయింది. మరమ్మతు కేంద్రానికి నేనూ వెంట వెళ్లాను. కౌంటరులో కుర్రవాడు తెలుగువాడే.

"సముద్రానికి తీసుకెళ్లారా సార్?"

"సముద్రపు రీలే బాబూ. దాని మీదే రాసి ఉంది."

"రాసే ఉంది సార్. కానీ ఉప్పు తగిలినట్టుంది."

బావగారు కాసేపు కళ్లు మూసుకున్నారు. "ఉప్పు తగలకుండా సముద్రంలో ఎలా వాడాలి?"

"మంచినీళ్లతో కడగాలి సార్."

"కడిగాను. మూడేళ్లు కడిగాను."

"అయితే నీళ్లు లోపలికి పోయి ఉంటాయి సార్. నీళ్లు పోతే వారంటీ వర్తించదు."

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదని మన పెద్దలన్నారు. ఆ కుర్రవాడి పుస్తకంలో ఉప్పు తినడం ఒక నేరం, నీళ్లు తాగడం ఇంకొక నేరం. మరి కడగమని రాసింది మీరే కదా అంటే, అతను లోపలికి వెళ్లి వేరే ఒకాయనను తీసుకువచ్చాడు. ఆయన మా ముందు నిలబడి ఎంతోసేపు నీళ్లు నమిలారు. అవి మంచివో ఉప్పువో అడగలేదు.

ఇంతకు ముందే జరిగినది ఇంకొకటి ఉంది. పోయిన వేసవిలో ఒక ఆదివారం, ఎనిమిదో చెంబో తొమ్మిదో చెంబో. అక్కావాళ్లింట్లో పని చేసే ఆవిడది సూళ్లూరుపేట వైపు. ఇక్కడ ఒడ్డున కుప్పంలో, అంటే జాలరిపేటలో ఉంటుంది. ఆ రోజు కుప్పానికి నీళ్ల లారీ రాలేదట. రీలు మీది నుంచి పీట మీదికి, పీట మీది నుంచి తూములోకి పోతున్న ధారను చూస్తూ నిలబడింది. "ఆ కిందికి పోయేవి పట్టుకోనా అమ్మగారూ?" అని అక్కను అడిగింది. బిందె తెచ్చుకునే వచ్చింది. ఉప్పు కడిగిన నీళ్లకు.

2019 వేసవి అప్పుడే మరచిపోయామా? ఊరికి నీళ్లిచ్చే నాలుగు పెద్ద జలాశయాలు ఎండిపోతే జోలార్‌పేట నుంచి రైలు పెట్టెల్లో నీళ్లు తెచ్చారు. అప్పుడు మా అపార్ట్‌మెంటు ఏం చేసింది? బోరు ఇంకో వంద అడుగులు దించింది. అది చూసి పక్కవాళ్లు నూట యాభై దించారు. ఒడ్డున ఇసుకలో వాననీరు పైన తేలుతుంది, ఉప్పునీరు బరువు కాబట్టి దాని కింద ఉంటుంది. పైది పీల్చేస్తే కిందిది పైకి రాక ఏం చేస్తుంది? మీంజూరు వైపు భూగర్భంలోకి సముద్రం కిలోమీటర్ల కొద్దీ నడిచి వచ్చింది, అక్కడి బావులను అడగండి. 2003లో ప్రతి భవనానికీ వాననీటి గుంట తప్పనిసరి చేశారు. మాకూ ఉంది. దాని మీద సిమెంటు చేసి రెండు కార్లు పెట్టుకున్నారు. ఒకటి నాది. ఉప్పు మా ఇంటికి పిలవకుండా రాలేదు. మేం మోటారు పెట్టి లాక్కొచ్చాం! లాక్కొచ్చి, కుళాయికి అంటిందని, గీజరుకు అంటిందని, రీలుకు అంటిందని సంఘం సమావేశాల్లో గుండెలు బాదుకుంటున్నాం. ఆ కుప్పంలో గాలంతో బతికేవాడికి రీలు లేదు, వారంటీ లేదు. చేతికి తంగూసు చుట్టుకుని వేస్తాడు. గాలం తుప్పు పడితే అవతల పారేసి ఇంకొకటి కడతాడు. వాళ్ల వీధిలో తుప్పు పట్టింది చేతిపంపు. దాన్ని ఏ నీళ్లతో కడగాలో పన్నెండు భాషల్లో ఏ ఒక్కదాంట్లోనూ బొమ్మ వేయలేదు.

అక్క ఆ రోజు క్యానులో మిగిలినదంతా బిందెలోకి వంచేసింది. బావగారు కండువాతో రీలును తుడుస్తూనే ఉన్నారు, అప్పటికే ఆరిపోయిన రీలును.

ఇప్పుడది టీవీ పక్కన అద్దాల బీరువాలో ఉంది, అక్క పట్టుచీరల మధ్య పెట్టే కలరా ఉండ ఒకటి తోడుగా. తంగూసు మాత్రం నైలానుది, దానికి తుప్పు లేదు. పనావిడ అడిగి తీసుకెళ్లింది. నాలుగు పేటలు పేని రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టిందట, తడి చీరలు మూడు వేసినా కిందికి జారలేదని చెప్పింది. ఏ ముడి వేసిందో కనుక్కోమని బావగారు నన్ను ఇప్పటికి రెండుసార్లు అడిగారు.